ఒకే ఫారమ్, చాలా రికార్డులు: ఏ పద్ధతి ఎప్పుడు ఎంచుకోవాలి?

ఒక పేజీలో వంద వస్తువుల జాబితా. ఒక్కోదాని పక్కన ధర, స్టాక్ మార్చుకోవడానికి గళ్లు. అన్నిటికీ కలిపి కింద ఒకే సేవ్ బటన్. వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లకి ఈ స్క్రీన్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మార్కుల ఎంట్రీ కావచ్చు, హాజరు పట్టీ కావచ్చు, మెనూలో అంశాల వరుస కావచ్చు, యూజర్ల అనుమతులు కావచ్చు. పేరు ఏదైనా పని ఒకటే: ఒక్క ఫారమ్‌తో డేటాబేస్‌లో చాలా రికార్డులు మారాలి.

దీనికి ఉన్న పద్ధతులను చాలామంది ముందు వేగంతో పోలుస్తారు. లూప్‌లో వంద అప్‌డేట్లు నడపాలా, అన్నీ కలిపి ఒకే క్వెరీ రాయాలా అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది: వందలో ఒక వరుస తప్పయితే మిగతా తొంభై తొమ్మిది ఏమవ్వాలి? అన్నీ ఆగిపోవాలా? సరైనవి సేవ్ అయి, తప్పున్నది మాత్రం ఎర్రగా తిరిగి రావాలా? ఖాతా ఎంట్రీల్లాగా వరుసలన్నీ కలిసి ఒక మొత్తానికి సరిపోవాల్సి ఉంటే సగం సేవ్ అవ్వడం కన్నా అసలు అవ్వకపోవడమే మేలు. మార్కుల ఎంట్రీ అయితే ఒక్క తప్పు అంకె కోసం మిగతా క్లాసు మొత్తం ఆగడం అన్యాయం. ఈ సంగతి ప్రోగ్రామర్ ఒక్కడే కూర్చుని తేల్చుకోకూడదు, ఆ స్క్రీన్ రోజూ వాడేవాళ్లని అడగాలి. జవాబు తెలిస్తే పద్ధతి సగం తేలినట్టే.

అన్ని వరుసలకీ ఒకే విలువా?

ముందు తేలికైన కేసు పక్కన పెట్టేద్దాం. ఎంచుకున్న వరుసలన్నిటికీ ఒకే మార్పు చేయాలంటే, అంటే పది ఆర్డర్లను ‘పంపించాం’ అని మార్చడం, ఇరవై వస్తువులను దాచేయడం లాంటివైతే, గళ్ల ఫారమ్ అక్కర్లేదు. వరుసకో చెక్‌బాక్స్, పైన ఒక డ్రాప్‌డౌన్, వెనకాల ఐడీల జాబితాతో ఒకే అప్‌డేట్ చాలు. ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. పని దీనికి సరిపోతుందంటే ఇంకేమీ ఆలోచించకండి.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. ఎవరూ ఏదీ టిక్ చేయకుండా బటన్ నొక్కితే ఐడీల జాబితా ఖాళీగా ఉంటుంది. క్వెరీలో ఐడీల జాబితాకి ముందు రాసే ‘ఇన్’ తర్వాత ఖాళీ బ్రాకెట్లు వస్తే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు రెండూ ఎర్రర్ ఇస్తాయి. ఆ ఎర్రర్ తప్పించడానికి కొందరు ఏ వరుసలు మారాలో చెప్పే ‘వేర్’ షరతునే తీసేస్తారు. అది అసలు ప్రమాదం, టేబుల్ మొత్తం మారిపోతుంది. జాబితా ఖాళీ అయితే క్వెరీ దాకా వెళ్లకుండానే వెనక్కి తిప్పండి. రెండోది ‘అన్నీ ఎంచుకో’ చెక్‌బాక్స్. అన్నీ అంటే ఈ పేజీలో కనిపించే యాభైయా, సెర్చ్‌లో దొరికిన నాలుగు వేలా? రెండూ సరైన అర్థాలే. అందుకే స్క్రీన్ మీద ఆ మాట స్పష్టంగా రాయాలి. నాలుగు వేలకీ వర్తించాలంటే ఐడీలు పంపడం కన్నా సెర్చ్ షరతులను పంపడం నయం. అయితే యూజర్ చూసినప్పటికీ నొక్కినప్పటికీ మధ్య కొత్త రికార్డులు ఆ షరతుల్లోకి వచ్చి చేరవచ్చని గుర్తుంచుకోండి.

వరుసకో సేవ్, లేదా మార్చగానే సేవ్

ఇక్కడి నుంచి వరుసకో విలువ మారే కేసు. మొదటి పద్ధతిలో అసలు పెద్ద ఫారమ్ ఉండదు. ప్రతి వరుసా దానంతట అదే సేవ్ అవుతుంది. గడిలోంచి బయటికి రాగానే జావాస్క్రిప్ట్ ఆ ఒక్క వరుసనే సర్వర్‌కి పంపుతుంది, లేకపోతే వరుస చివర చిన్న బటన్ ఉంటుంది.

ఒకే జాబితాను ఒకేసారి నలుగురు మారుస్తుంటే ఇదే మంచిది. పేజీ తెరిచి అరగంట తర్వాత వంద వరుసలు ఒకేసారి రాసేయడం కన్నా, మార్చిన ఒక్క వరుసనే వెంటనే రాస్తే ఒకరి మార్పు మీద ఇంకొకరు రాసే అవకాశం బాగా తగ్గుతుంది. తప్పు కూడా అక్కడికక్కడే తెలుస్తుంది. పేజీ మధ్యలో మూసుకుపోయినా అప్పటిదాకా చేసిన పని పోదు.

కానీ ‘అన్నీ లేదా ఏదీ కాదు’ అన్న హామీ ఇందులో ఇవ్వలేం. సేవ్ అయిందో లేదో వరుస వరుసకీ చూపించాలి, నెట్ పోతే ఏం చేయాలో ఆలోచించాలి. యూజర్‌కి ‘వద్దులే, మార్పులన్నీ రద్దు’ అనే వీలు ఉండదు. ధరల్లాంటి వాటికి ఈ చివరి లోటు చిన్నది కాదు. జనం ముందు అంకెలన్నీ మార్చుకుని, ఒకసారి పైనుంచి కిందకి చూసుకుని, అప్పుడు సేవ్ కొట్టాలనుకుంటారు.

వరుసకో బటన్ పెట్టేవాళ్లకి హెచ్‌టీఎమ్ఎల్ సంగతి ఒకటి. టేబుల్ వరుస చుట్టూ ఫారమ్ ట్యాగ్ చుట్టడం చెల్లదు, ఒక ఫారమ్ లోపల ఇంకో ఫారమ్ కూడా చెల్లదు. ఫారమ్‌ని టేబుల్ బయట పెట్టి దానికి ఐడీ ఇచ్చి, లోపలి గళ్లకు ‘ఫారమ్’ అనే అట్రిబ్యూట్‌లో ఆ ఐడీ రాస్తే సరిపోతుంది.

ఒకే ఫారమ్: పేర్లు పెట్టడంలోనే ఉంది కిటుకు

ఒకే సేవ్ బటన్ కావాలంటే డేటాబేస్ కన్నా ముందు గళ్ల పేర్లు సరిచూడాలి. ఈ పనిలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఎస్‌క్యూఎల్‌లో ఉండవు, ఇక్కడే ఉంటాయి.

చాలామంది ఐడీలన్నీ ఒక అర్రేలో, ధరలన్నీ ఇంకో అర్రేలో, ‘అమ్మకానికి ఉంది’ అనే చెక్‌బాక్స్‌లు మూడో అర్రేలో పంపి, సర్వర్‌లో మూడిటినీ స్థానం ప్రకారం జత కలుపుతారు. చెక్‌బాక్స్ లేనంతవరకు ఇది పనిచేసినట్టే ఉంటుంది. టిక్ చేయని చెక్‌బాక్స్‌ని బ్రౌజర్ అసలు పంపదు. పది వరుసల్లో మూడోదానికి టిక్ లేకపోతే మూడో అర్రేలో తొమ్మిదే వస్తాయి. నాలుగో వస్తువు టిక్ మూడోదానికి పడుతుంది, అక్కడి నుంచి కిందకి అన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి. ఎర్రర్ రాదు, మెసేజ్ రాదు. డేటా మాత్రం తప్పుగా సేవ్ అవుతుంది. డిసేబుల్ చేసిన గడి కూడా ఇలాగే రాదు. రీడ్‌ఓన్లీ అని పెట్టినది మాత్రం వస్తుంది.

కాబట్టి స్థానాన్ని నమ్మొద్దు. పేరులోనే రికార్డు ఐడీ పెట్టండి: ధర[41], స్టాక్[41], అమ్మకం[41]. ఇంకా బాగుండాలంటే వస్తువు[41][ధర], వస్తువు[41][స్టాక్] అని రాస్తే ఒక రికార్డుకి సంబంధించినవన్నీ సర్వర్‌లో ఒకే చోట దొరుకుతాయి. పీహెచ్‌పీ ఈ బ్రాకెట్లను నేరుగా అర్రేగా మార్చి ఇస్తుంది. చెక్‌బాక్స్‌కి ముందు అదే పేరుతో సున్నా విలువ ఉన్న హిడెన్ ఫీల్డ్ పెడితే టిక్ లేనప్పుడు సున్నా వస్తుంది, ఉన్నప్పుడు తర్వాత వచ్చిన విలువ దాని స్థానంలో కూర్చుంటుంది. రెయిల్స్ అనే ఫ్రేమ్‌వర్క్ తన చెక్‌బాక్స్ హెల్పర్‌లో చేసేది ఇదే.

ఫ్రేమ్‌వర్క్ వాడుతుంటే దాని సొంత పద్ధతిని వాడుకోండి. జాంగోలో ఫారమ్‌సెట్లు ఉన్నాయి. వాటికి మేనేజ్‌మెంట్ ఫారమ్ అనే హిడెన్ ఫీల్డ్‌ల గుంపు తప్పనిసరి, టెంప్లేట్‌లో అది మర్చిపోతే ఫారమ్‌సెట్ చెల్లదు. రెయిల్స్‌లో నెస్టెడ్ అట్రిబ్యూట్స్ ఉన్నాయి. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో వరుస నంబర్లు సున్నా నుంచి తెగకుండా రావాలి. మధ్యలో ఒక వరుసను జావాస్క్రిప్ట్‌తో తీసేస్తే దాని తర్వాతవి మాయమవుతాయి, దీన్ని దాటడానికి ‘ఇండెక్స్’ అనే హిడెన్ ఫీల్డ్ పెట్టాలి.

ఇక పరిమితుల సంగతి. పీహెచ్‌పీ 5.3.9 నుంచి, అంటే 2012 నుంచి, ఒక రిక్వెస్ట్‌లో తీసుకునే ఇన్‌పుట్ వేరియబుల్స్‌కి పరిమితి ఉంది. డిఫాల్ట్ 1000. వంద వరుసలు, వరుసకి పదకొండు గళ్లు అంటే 1100. చివరి వంద గళ్లను పీహెచ్‌పీ వదిలేస్తుంది, లాగ్‌లో ఒక వార్నింగ్ తప్ప స్క్రీన్ మీద ఏమీ కనిపించకపోవచ్చు. ‘కింది వరుసలు మాత్రం సేవ్ కావడం లేదు’ అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది ఇదే. జాంగోలోనూ డిఫాల్ట్ 1000, కానీ అది రిక్వెస్ట్ మొత్తాన్ని తిప్పికొడుతుంది. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో 1024. ఫారమ్ చివర ఒక హిడెన్ ఫీల్డ్ పెట్టి, అది వచ్చిందో లేదో సర్వర్‌లో చూసుకుంటే ఫారమ్ పూర్తిగా చేరిందని తెలుస్తుంది.

అసలు ఈ పరిమితి దగ్గరికి వెళ్లకుండా ఉండటం ఇంకా మంచిది. మారిన వరుసలను మాత్రమే పంపండి. గడి మారగానే ఆ వరుసకి గుర్తు పెట్టి, సేవ్ కొట్టినప్పుడు గుర్తున్నవాటినే జేసన్‌గా పంపితే వందలో నాలుగు వెళ్తాయి. పేజీ తేలికవుతుంది, డేటాబేస్ పని తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీరు ముట్టుకోని వరుసల్లో ఇంకొకరు చేసిన మార్పులు చెరిగిపోవు.

లూప్, ట్రాన్సాక్షన్: నేను ముందు సూచించేది ఇదే

డేటా సర్వర్‌కి చేరాక ఒక ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (విలువల చోటు ఖాళీగా ఉంచిన క్వెరీ) తయారుచేసి, వరుసకోసారి విలువలు మార్చి నడపడం. మొత్తాన్ని ఒక ట్రాన్సాక్షన్‌లో, అంటే అన్నీ కలిసి ఖాయమయ్యే లేదా కలిసి రద్దయ్యే గుంపులో, పెట్టడం. చాలా స్క్రీన్లకి ఇది చాలు. రెండు మూడు వందల వరుసల దాకా దీని వేగం గురించి టెన్షన్ పడక్కర్లేదు.

లూప్ నెమ్మది అన్న పేరు ఎక్కువగా ట్రాన్సాక్షన్ లేకుండా రాసినవాళ్ల వల్ల వచ్చింది. ట్రాన్సాక్షన్ తెరవకపోతే ప్రతి అప్‌డేట్ విడిగా కమిట్ అవుతుంది (ఖాయమవుతుంది), ప్రతి కమిట్‌కీ డిస్క్ మీద రాత పూర్తయ్యేదాకా ఆగాలి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో మామూలు కంప్యూటర్‌లో సెకనుకి 50,000 ఇన్సర్ట్‌లు సులువుగా చేయగలమని, ట్రాన్సాక్షన్లు మాత్రం కొన్ని డజన్లే అని రాశారు. ఆ లెక్క తిరిగే డిస్క్‌ల కాలానిదే అయినా తేడా ఎక్కడుందో చూపిస్తుంది. డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటే వరుసకోసారి నెట్‌వర్క్ మీద వెళ్లి రావడం కూడా తోడవుతుంది. వరుసలు వేలల్లో ఉన్నప్పుడు అసలు నెమ్మది అదే.

లూప్‌లో గొప్ప సౌకర్యం ఏమిటంటే ఏ వరుస తప్పిందో కచ్చితంగా తెలుస్తుంది. ‘41వ నంబర్ వస్తువు ధర తప్పు’ అని చెప్పగలం. అన్నీ ఆగాలంటే రోల్‌బ్యాక్ చేస్తాం, అంటే మొత్తం రద్దు చేస్తాం. సరైనవి ఉంచాలంటే వరుసకో సేవ్‌పాయింట్ పెడతాం, తప్పు వస్తే అక్కడిదాకా మాత్రమే వెనక్కి వెళ్తాం. ఇక్కడ డేటాబేస్‌ల మధ్య తేడా ఉంది: పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ మధ్యలో ఒక్క ఎర్రర్ వస్తే రోల్‌బ్యాక్ చేసేదాకా తర్వాతి కమాండ్లన్నీ తిరస్కరిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో మామూలు ఎర్రర్లకి ఆ ఒక్క స్టేట్‌మెంటే రద్దవుతుంది, ట్రాన్సాక్షన్ కొనసాగుతుంది. ఎర్రర్‌ని పట్టించుకోకుండా లూప్ ముందుకెళ్లి కమిట్ చేస్తే సగం సేవ్ అయిన డేటా మిగులుతుంది. పీహెచ్‌పీ 8కి ముందు, డేటాబేస్‌తో మాట్లాడే దాని పీడీఓ డిఫాల్ట్‌గా ఎర్రర్లను మౌనంగా వదిలేసేది, పాత కోడ్ చూస్తున్నవాళ్లు ఇది సరిచూసుకోవాలి. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ మైఐసామ్ (పాత నిల్వ పద్ధతి) రకం అయితే ట్రాన్సాక్షన్లే ఉండవు. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి ట్రాన్సాక్షన్లున్న ఇన్నోడీబీయే డిఫాల్ట్, కానీ పాత టేబుళ్లు ఇంకా దొరుకుతుంటాయి.

లూప్ మొదలుపెట్టే ముందు వరుసలను ఐడీ ప్రకారం సార్ట్ చేయండి. ఇద్దరు ఒకే సమయంలో అవే రికార్డులను వేర్వేరు క్రమంలో సేవ్ చేస్తే ఒకరి తాళం కోసం ఇంకొకరు ఆగిపోతారు, డెడ్‌లాక్ వస్తుంది. ఇద్దరూ ఒకే క్రమంలో వెళ్తే రెండోవాళ్లు కాసేపు ఆగుతారు, అంతే.

అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో

వరుసలు వేలల్లో ఉంటే, లేదా నెట్‌వర్క్ దూరం ఎక్కువైతే ఒకే స్టేట్‌మెంట్ వైపు వెళ్లాలి. ఇందులో రకాలు ఉన్నాయి, అన్నీ సమానంగా మంచివి కావు.

‘కేస్’ రాయడం అన్నిటిలోనూ పనిచేస్తుంది: ఐడీ 41 అయితే ఈ ధర, 42 అయితే ఆ ధర. రెండు కాలమ్‌లు మారాలంటే రెండు ‘కేస్’లు, అప్పటికే చదవడం కష్టం. పైగా ‘ఎల్స్’ లేకపోతే, జాబితాలో లేని ఐడీకి విలువ నల్ (ఖాళీ) అవుతుంది. ‘వేర్’ కూడా మర్చిపోతే టేబుల్‌లో మిగతా ధరలన్నీ పోతాయి. చేత్తో రాయమని నేను ఎవరికీ చెప్పను. జాంగో 2.2లో వచ్చిన బల్క్ అప్‌డేట్ లోపల ‘కేస్’నే తయారుచేస్తుంది, అలా లైబ్రరీ రాసిపెడితే పర్వాలేదు.

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకి చక్కని పద్ధతి ఉంది. కొత్త విలువలనే చిన్న టేబుల్‌లాగా రాసి, దానితో అసలు టేబుల్‌ని కలిపి అప్‌డేట్ చేయడం. ‘వాల్యూస్’తో చేయవచ్చు, లేదా ఐడీలు ఒక అర్రే, ధరలు ఒక అర్రేగా పంపి ‘అన్‌నెస్ట్’ చేయవచ్చు. ‘వాల్యూస్’తో అయితే టైప్ చెప్పడం మర్చిపోవద్దు, లేకపోతే పారామీటర్లను (క్వెరీకి విడిగా పంపే విలువలను) టెక్స్ట్ అనుకుంటుంది. ‘అన్‌నెస్ట్’లో ఇంకో లాభం: కాలమ్‌కి ఒక్క పారామీటరే కాబట్టి పరిమితి అడ్డురాదు. మిగతా పద్ధతుల్లో ఆ పరిమితి నిజమైన అడ్డంకే. పోస్ట్‌గ్రెస్‌లో ఒక స్టేట్‌మెంట్‌కి 65,535 పారామీటర్లు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2,100 మాత్రమే. అక్కడ టేబుల్ రకం పారామీటర్ వాడాలి, అది 2008 వెర్షన్ నుంచి ఉంది.

ఇక అప్‌సర్ట్, అంటే వరుస ఉంటే మార్చడం, లేకపోతే చేర్చడం: మైఎస్‌క్యూఎల్‌లో ‘ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్’, పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్’. ఫారమ్‌లో కొత్త వరుసలు చేర్చడం, ఉన్నవి మార్చడం రెండూ ఉంటే ఇది సరైనది. కేవలం అప్‌డేట్ కోసం మాత్రం వాడొద్దు. మీరు తెరిచి ఉంచిన జాబితాలోంచి ఎవరో ఒక వస్తువును డిలీట్ చేశారనుకోండి, మీ సేవ్ దాన్ని మళ్లీ పుట్టిస్తుంది. పైగా ఐడీ, ధర మాత్రమే ఇచ్చి పేరు ఇవ్వకపోతే, పేరు తప్పనిసరి కాలమ్ అయినప్పుడు ఇన్సర్ట్ దశలోనే ఎర్రర్ వస్తుంది.

మైఎస్‌క్యూఎల్ ‘రీప్లేస్’ని అప్‌డేట్‌గా వాడటం పూర్తిగా మానేయండి. అది పాత వరుసను తీసేసి కొత్తది పెడుతుంది. మీరు ఇవ్వని కాలమ్‌లన్నీ డిఫాల్ట్ విలువలకి వెళ్లిపోతాయి. ఆ రికార్డు మీద క్యాస్కేడ్ డిలీట్ (ఇది పోతే దీనికి ముడిపడినవీ పోవాలన్న నియమం) ఉంటే పిల్ల రికార్డులూ పోతాయి.

ఒకే స్టేట్‌మెంట్ పద్ధతులన్నిటిలోనూ ఒక లోటు ఉంది: ఒక్క వరుస తప్పయినా మొత్తం ఆగుతుంది, ఏ వరుసో ఎర్రర్ మెసేజ్ చూసి ఊహించుకోవాలి. అందుకే తనిఖీ అంతా ముందే చేయాలి. ఫ్రేమ్‌వర్క్‌ల బల్క్ పద్ధతులు మోడల్ కోడ్‌ని కూడా దాటవేస్తాయి. జాంగో బల్క్ అప్‌డేట్‌లో సేవ్ మెథడ్ నడవదు, సిగ్నల్స్ రావు. రెయిల్స్ ‘అప్‌డేట్ ఆల్’లో వ్యాలిడేషన్లు, కాల్‌బ్యాక్‌లు (సేవ్‌తో పాటు నడిచే కోడ్) ఉండవు. ఎవరు ఎప్పుడు మార్చారో రాసే ఆడిట్ లాగ్ ఆ కాల్‌బ్యాక్‌ల మీద ఆధారపడి ఉంటే, వేగం కోసం దాన్ని పోగొట్టుకున్నట్టే.

వరుస క్రమాన్ని మార్చే స్క్రీన్‌కి ప్రత్యేకంగా ఒక మాట. క్రమసంఖ్య కాలమ్ మీద యూనిక్ షరతు (ఒకే అంకె రెండుసార్లు రాకూడదు) ఉంటే 3ని 4గా, 4ని 3గా మార్చబోతే మొదటి మార్పుకే ఎర్రర్ వస్తుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో ఒకే స్టేట్‌మెంట్‌లో రాసినా తప్పదు, ఎందుకంటే తనిఖీ వరుస వరుసకీ జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ షరతును డిఫరబుల్‌గా పెట్టి కమిట్ దాకా వాయిదా వేయవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ వీలు లేదు. ముందు అన్నిటినీ నెగెటివ్ అంకెలకి మార్చి, తర్వాత సరైనవి రాయాలి.

ఫైల్ అప్‌లోడ్

వేల వరుసలు ఒకేసారి మార్చేవాళ్లు నిజానికి స్ప్రెడ్‌షీట్‌లోనే పనిచేస్తుంటారు. వాళ్ల కోసం ఐదు వేల గళ్ల పేజీ కట్టొద్దు. సీఎస్‌వీ తీసుకుని, ముందు ఒక తాత్కాలిక టేబుల్‌లోకి ఎక్కించి, ఏవి మారతాయో, ఏవి తప్పో చూపించి, ఒప్పుకున్నాక అసలు టేబుల్‌తో కలిపి అప్‌డేట్ చేయండి.

ఏది ఎంచుకున్నా వదలకూడనివి

ఫారమ్‌లో ఉన్న ఐడీ బ్రౌజర్ నుంచి వచ్చింది. దాన్ని ఎవరైనా మార్చి పంపగలరు. 41 స్థానంలో ఇంకొకరి రికార్డు నంబర్ పెడితే ఏమవుతుంది? అప్‌డేట్‌లో ఐడీ ఒక్కటే షరతు అయితే అదీ మారిపోతుంది. ఈ యూజర్‌కి ఆ రికార్డు మీద హక్కు ఉందన్న షరతును ప్రతి అప్‌డేట్‌లోనూ చేర్చాలి. అలాగే ఫారమ్‌లో వచ్చిన ప్రతి పేరునీ కాలమ్‌గా తీసుకోకుండా, మార్చనిచ్చే కాలమ్‌ల జాబితా సర్వర్‌లో ఉండాలి.

ఒకే రికార్డుని ఇద్దరు మార్చే అవకాశం ఉంటే వెర్షన్ కాలమ్ పెట్టండి. పేజీ చూపించినప్పుడు ఉన్న వెర్షన్ నంబర్‌ని వరుసతో పాటు పంపి, ‘ఐడీ ఇది, వెర్షన్ కూడా ఇదే అయితేనే మార్చు, మార్చి వెర్షన్ ఒకటి పెంచు’ అని రాయాలి. మారిన వరుసల సంఖ్య సున్నా వస్తే మధ్యలో ఎవరో మార్చారని, లేదా డిలీట్ చేశారని అర్థం. అప్పుడు కొత్త విలువ, మీ విలువ రెండూ పక్కపక్కన చూపించండి. పెద్ద ఫారమ్‌లో ఇది ఇంకా అవసరం, ఎందుకంటే పేజీ చాలాసేపు తెరిచే ఉంటుంది.

ఈ సంఖ్యలోనే ఇంకో మెలిక. మైఎస్‌క్యూఎల్ మామూలుగా నిజంగా విలువ మారిన వరుసలనే లెక్కిస్తుంది. ఉన్న ధరే మళ్లీ రాస్తే సున్నా చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ షరతుకి సరిపోయిన వరుసలన్నీ లెక్కిస్తుంది. అప్‌సర్ట్‌లో అయితే మైఎస్‌క్యూఎల్ కొత్త వరుసకి 1, మారిన వరుసకి 2 చొప్పున లెక్క ఇస్తుంది. వెర్షన్ నంబర్ ప్రతిసారీ పెరుగుతుంది కాబట్టి ఆ పద్ధతిలో మైఎస్‌క్యూఎల్‌లోనూ సున్నాకి ఒకే అర్థం ఉంటుంది. వెర్షన్ లేకుండా ఆ అంకెనే నమ్మి ‘12 రికార్డులు మారాయి’ అని యూజర్‌కి చూపిస్తే తప్పు చెప్పినట్టవుతుంది. ఎన్ని పంపారు, ఎన్ని సేవ్ అయ్యాయి, ఏవి కాలేదు అన్నది మీ కోడ్ సొంతంగా లెక్క పెట్టుకుని, సేవ్ తర్వాత పేజీని రీడైరెక్ట్ చేసి అక్కడ చూపించండి. రీడైరెక్ట్ లేకపోతే రీఫ్రెష్ నొక్కినప్పుడు బ్రౌజర్ ఆ వంద వరుసలనూ మళ్లీ పంపమంటారా అని అడుగుతుంది, చాలామంది సరే అనేస్తారు.